క్యాసెట్టులో మిగిలిన పావుగంట

మనిషి తన కొంప తానే ముంచుకోవడానికి తుఫానే రానక్కర్లేదు, ఒక్క క్యాసెట్టు చాలు. నేను ముంచుకుని చూపించాను.

ఎనభైల మొదట్లో నేను సింగపూరు హోటల్లో జాజ్ పాటలూ, జనం అడిగిన పాటలూ పాడేవాణ్ణి. విశాఖలో మావాళ్ళకు మాత్రం గోడౌన్‌లో స్టోర్‌కీపర్ని. ఏం చెయ్యను? మా నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు, పైగా చర్చిలో సంఘ పెద్ద. నేను ఓడ ఎక్కిన రోజు బైబిలు మీద చెయ్యి పెట్టించి, "గుడి దాటి పాడనని సెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ చేతితోనే సింగపూరులో మైకు పట్టుకున్నాను.

అప్పట్లో ఉత్తరానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపేవాళ్ళం. కొత్తది తేవడానికి బద్ధకించి, నా ప్రోగ్రాం రికార్డయి ఉన్న పాత టేపు మీదే మొదలుపెట్టాను. "నాన్నా, గోడౌన్‌లో పని బాగుంది. ప్రతి ఆదివారం గుడికి వెళుతున్నాను. పాటా గీటా ఏమీ లేదు." పావుగంటకల్లా నా భక్తి అయిపోయింది. మిగతా పావుగంటలో ఏముందో చూసుకోలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను గుమ్మడికాయనే పార్సెల్ కట్టి, ఓడలో పనిచేసే మా అక్క మొగుడు దానియేలు బావ చేతికిచ్చాను.

ఆర్నెల్లకు సెలవు మీద వచ్చాను. తిరిగి వెళితే హోటల్లో రెండేళ్ళ కాంట్రాక్టు సిద్ధంగా ఉంది. నాన్న వద్దంటే ఇక అంతే సంగతులు. స్టేషనుకు బావ వచ్చాడు. రిక్షా పాతపోస్టాఫీసు వైపు తిరిగాక అడిగాను.

"క్యాసెట్టు ఇచ్చావా బావా?"

"ఇచ్చేను. ఈదిలో జనమంతా మీ ఇంట్లోనే కూకుని ఇన్నారు."

"బాగుందన్నారా?"

"నీ మాటలయ్యేక మీ అమ్మ కళ్ళు తుడుసుకుంటంది. టేపు ఎవులూ ఆపలేదు. అప్పుడు నువ్వు మళ్ళీ మాటాడేవు."

"నేనా? ఏటన్నాను?"

"నాలుగో టేబులు దొరగారు నాకు మందు గ్లాసు పంపారు, ఈ పాట ఆయనకే అన్నావు. ఇంగ్లీసులో."

"ఇంగ్లీసే కదా. ఎవరికీ తెలిసుండదు."

"తెలీలేదు. నానే తెలుగులో సెప్పేను."

రిక్షాలోంచి దూకేద్దామనిపించింది. దూకితే మాత్రం ఎక్కడికి పోతాను?

"నాన్న ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. టేపురికార్డరు పట్టుకుని గదిలోకి ఎల్లిపోయేడు."

ఇంట్లో ఆ టేపురికార్డరు బల్ల మీదే ఉంది. నాన్న తాపీగా, "గోడౌనెలాగుందిరా?" అన్నాడు.

చదివేవాళ్ళారా, మీరైతే అక్కడే కాళ్ళ మీద పడేవారు. నేను, "బాగుంది నాన్నా" అన్నాను.

"సరుకేటి?"

"బియ్యం... సబ్బులు."

బావ దగ్గాడు. నాన్న టేపు మొదటికి తిప్పి బటను నొక్కాడు. నా గొంతు రావాలి. అమ్మ గొంతు వచ్చింది. "ఏటండీ ఇది? ఆడి మాటలు సెరిగిపోతాయి." వెంటనే నాన్న గొంతు: "సెరగాలనే." తర్వాత అంతా గరగర. నాన్న టేపు ముందుకు జరిపాడు. నా పాట వచ్చింది, ఒక్క ముక్క పోకుండా.

"అబద్దం సెరిపేసేను. పాట ఉంచేను" అన్నాడు. "రోజూ ఆ పాటే ఇంటన్నాను. రెండో సరణంలో ఊపిరి సాల్లేదు నీకు. ఆ గ్లాసు మానీ."

"మరి హోటలువాళ్ళు ఇస్తామన్న రెండేళ్ళ కాంట్రాక్టు నాన్నా?"

"సంతకం ఎట్టుకో. ఈ ఆదివారం మాత్రం గుడిలో అందరి ముందూ తప్పు ఒప్పుకుని, ఆ గొంతుతోనే ఓ కీర్తన పాడాల."

క్రేన్ కొక్కేనికి వేలాడుతున్నవాణ్ణి నేల మీదికి దించినట్టయింది. హమ్మయ్య అనుకుని, ఆ సంతోషంలో ప్రమాణం చేద్దామని బైబిలు మీద చెయ్యి వెయ్యబోయాను. నాన్న బైబిలు పక్కకు లాగేశాడు.

"దాని మీద వద్దు. అది నిన్ను నమ్మదు. ఇందులో సెప్పు" అని, చెరిపిన చోటుకే టేపు తిప్పి రికార్డు బటను నొక్కాడు.

లేచి నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాను. "శామ్యూల్ అను నేను, ఇకమీదట ఏ టేపునూ చివరిదాకా వినకుండా ఎవరికీ పంపనని, అమ్మానాన్నలతో అబద్ధమాడనని, గ్లాసు ముట్టనని, సర్వజన సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను."

నాన్న టేపు వెనక్కి తిప్పి, చివరిదాకా విని, నావైపు చూశాడు.

"గ్లాసు సంగతి సరిగ్గా పడ్లేదు. అది మళ్ళీ సెప్పు."