చేపకు మూడు టబ్బుల నీళ్లు

ఇది జరిగిన రోజుల్లో నాకు అక్షరం రాదు. ఎక్కడైనా వేలిముద్రే. పని మానేశాక, మా చర్చిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చెప్పే బడికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

రెండు వేల ఆరు వేసవిలో ఏలూరులోని ఒక భోజన హోటల్లో చేపల కటింగ్ పని నా చేతి మీద నడిచేది. వంటగదిలో అందరికీ పైన మాస్టర్, అంటే పెద్ద వంటవాడు. ఆయనకు పైన మేనేజరు గారు. నా చేతికింద కుమారి ఒక్కతే. చేప శుభ్రం చేసి, ముక్కలు కొట్టి మాస్టర్‌కు అప్పగించేవరకు బాధ్యత నాది.

ఎండాకాలం కాలువలకు నీళ్లు కట్టేసిన నెల అది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. బోరు నీళ్లు ఉప్పన. ట్యాంకరుతో తెప్పించిన నీళ్లు కింద తొట్టిలో పోయించి, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కించేవారు. చేపల దగ్గర నీళ్లు తగ్గించమని మేనేజరు గారు చెప్పారు. అంతకుముందు పైపు వదిలేసి, ధార కిందే పొలుసు గీకి, ధార కిందే కడిగేవాళ్లం. నేను పద్ధతి మార్చాను. పొలుసు, మొప్పలు, పేగులు పొడిగానే తీసేయాలి. కడుపులోని నెత్తురు గుడ్డతో తుడవాలి. ఆ తర్వాతే రాళ్ల ఉప్పు రుద్ది, వరసగా మూడు టబ్బుల్లో కడగాలి. మొదటి టబ్బు మురికి అవగానే ఆ నీళ్లు పారబోసి, రెండోదానివి అందులోకి, మూడోదానివి రెండోదానిలోకి మారుస్తాం. కొత్త నీళ్లు ఎప్పుడూ మూడోదానిలోకే. మోటారు రోజుకు ఒక్కసారి వేస్తే సరిపోయింది.

ఆ నెలలోనే ఫిర్యాదు వచ్చింది. పులుసు బురద వాసన వేస్తోందని ఒకాయన పళ్లెం వెనక్కి నెట్టారు. మర్నాడు ఇంకొకరు. ఫిర్యాదుల పుస్తకంలో రాశారంటూ మేనేజరు గారు నాకు చదివి వినిపించారు. కడగని చేప వండుతున్నారని ఉందట. ఉన్నదే చదివారో, తన మాట కలిపారో నాకు తెలిసే దారి లేదు.

"నీళ్లూ మిగిలాయి, చేపలూ మిగిలాయి. సంతోషమేనా మార్తమ్మా?" అన్నారు.

"ఇది పిల్లికి పెట్టినా, మళ్లీ కడిగి పట్టుకురమ్మంటదండీ," అన్నారు మాస్టర్.

ఆ రోజు నుంచి మేనేజరు గారు వెనక గుమ్మంలో నిలబడి నన్ను చూసేవారు. నేను కుమారిని చూసేదాన్ని. నేనటు తిరగ్గానే రెండో టబ్బుతో ఆపేస్తోందని నా అనుమానం. పని ఉన్నట్టు లేచి వెళ్లి తలుపు సందులోంచి కనిపెట్టాను. ఒక్కసారీ తప్పు దొరకలేదు. దొరకకపోయేసరికి మరీ తెలివిగా చేస్తోందనుకున్నాను.

శనివారం మేనేజరు గారు నన్ను పిలిచి, సరిగ్గా కడగనిది ఇద్దరిలో ఎవరో రేపటికల్లా చెప్పమన్నారు. ఆ మనిషి ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు. కుమారి పేరు నా నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె భర్త మంచాన ఉన్నాడు, ఇల్లంతా ఆమె రెక్కల మీదే. కానీ ఆగింది జాలితో కాదు, చూపించడానికి ఒక్క తప్పూ లేక.

ఆ మాట కుమారికి తెలిసింది. కత్తిపీట పక్కకు జరిపి నా ఎదుట నిలబడింది.

"అక్కా, మీరు తలుపు సందులోంచి చూస్తన్నారని నాకు తెలుసు. మీ నీడ గచ్చు మీద పడతంది. ఒక్కటి చెప్పండి. కడగక ఆ వాసనొస్తే, పైపు కింద కడిగితే పోవాలి కదా? కడిగి చూడండి. పోతే నేనే మానేస్తాను."

నాకు ఆ ఆలోచన రానందుకు సిగ్గేసింది.

ఆదివారం మేనేజరు గారి ముందు, మాస్టర్ ముందు ఒక శీలావతి చేపను వెన్నెముక వెంట రెండుగా చీల్చాను. ఒక సగం కుమారి మూడు టబ్బుల్లో కడిగింది. రెండో సగాన్ని మేనేజరు గారినే పైపు కింద, తనకు తృప్తి కలిగేదాకా కడగమన్నాను. చొక్కా చేతులు మడిచి చాలాసేపు కడిగారు. ఉప్పు, కారం, చింతపండు ఏమీ వేయకుండా విడివిడిగా ఉడికించాం. మూతలు తీస్తే రెండు గిన్నెల్లోనూ ఒకటే బురద వాసన. మాస్టర్ రెండూ రుచి చూశారు.

"మీరు కడిగింది కూడా ఇంకా చెరువులోనే ఉందండీ," అన్నారు మేనేజరు గారితో.

వాసన చేప పైన లేదు, కండలోనే ఉంది. మాకు చేపలు వేసే కైకలూరు వెంకట్రావుకు ఫోన్ చేయించాం. ఎండలకు పాత చెరువు ఎండిపోయిందని, ఆ నెలలోనే అడుగున బురద నీళ్లు మిగిలిన ఇంకో చెరువులో పట్టడం మొదలుపెట్టానని ఒప్పుకున్నాడు. "కడిగితే పోద్దనుకున్నానండీ," అన్నాడు. మా పద్ధతి, అతని చెరువు ఒకే నెలలో మారాయి. అందరికీ పద్ధతి కనిపించింది, చెరువు కనిపించలేదు.

వంటగదిలో నీళ్లు తగ్గించినవాళ్లు, ఆ తర్వాత వచ్చే ప్రతి లోపానికీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కాబట్టి తగ్గించిన రోజే పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నేను ఆ పని చేయకుండా చేతికింద మనిషికి కాపలా కాశాను.

మర్నాడు ఉదయం వెంకట్రావు ఆటో వెనక గుమ్మం దగ్గర ఆగింది. ట్రేలు దించనివ్వలేదు. ఒక చేప తోక ముక్క కోసి, ఉప్పు లేకుండా ఉడికించి, మూత కుమారిని తీయమన్నాను. ఆమె వాసన చూసి తల అడ్డంగా ఊపింది. ఆటోను వెనక్కి పంపి, ఆ పూట చేపల పులుసు లేదని మేనేజరు గారికి నేనే వెళ్లి చెప్పాను.