చేరలేదన్న కబురు

చేవెళ్లలో మెహదీపట్నం బస్సెక్కాను. ముందు సీట్లో ఒక ముసలామె భూమి కాగితాల సంచితో కూర్చుంది. ఆమె పక్కన ఉన్న యువతి ఒడిలో ఒక అట్టపెట్టె ఉంది.

"గా డబ్బల ఏమున్నది బిడ్డా?" అని అడిగింది ముసలామె.

"రూటర్, అవ్వా. మొయినాబాద్ కాలేజీల పెట్టాలె. కంప్యూటర్ల నుంచి వచ్చే సమాచారం ఏడికి పోవాల్నో చూసి, ముందలున్న ఇంకో రూటర్‌కు పంపుతది."

"మా ఆఫీసోళ్ల లెక్కనే. మా ఆయన పోయినంక భూమి నా పేర ఎక్కియ్యమని రెండేండ్ల సంది తిరుగుతున్న. ఒకలు ఇంకొకల తాన్కి పొమ్మంటరు. ఇయ్యాల పట్నం పొమ్మన్నరు."

యువతి నవ్వింది. "దీంట్ల గట్ల తిప్పుడు నడువది. పంపే ప్రతి ముక్క మీద ఒక అంకె ఉంటది. రూటర్ మారినప్పుడల్లా ఒకటి తగ్గుతది. సున్నా అయితే ఆడనే ఆపేసి, నీది చేరలేదని పంపినోళ్లకు కబురు చేస్తది."

"కబురు చేస్తదా?"

"చేస్తది."

"గా ఒక్క మాట చెప్పినా ఇంట్ల కూసుందును బిడ్డా."

మొయినాబాద్‌లో యువతి దిగిపోయింది. ముసలామె నా వైపు తిరిగి, "నువ్వేం నౌకరి చేసి రిటైరైనవ్ అన్నా?" అంది.

"ఆఫీసులో" అన్నాను. ఏ ఆఫీసని ఆమె అడగలేదు.

మర్నాడు నా పాత ఆఫీసు డైరీలన్నీ అటక మీంచి దించి వరుసగా చూశాను. ఏ అర్జీని ఏ తేదీన ఏ శాఖకు పంపానో రాసి ఉంది. అర్జీ పెట్టుకున్నవాళ్లకు ఆ సంగతి తెలియజేసినట్టు ఒక్క పేజీలో కూడా లేదు.