నాయన ముందరి పండ్ల కోసం పుత్తూరు, తిరుపతి

ఆ ఉదయం గూట్లోని బెల్లం ముద్ద మీద పంటి గాటు లేదు. చీమలు మాత్రం ఉన్నాయి. మా నాయన చిత్తూరు మండీలో బెల్లం వ్యాపారి. రైతు బండి దిగగానే ముద్ద అంచును ముందరి పండ్లతో కొరికి, విరిగిన చప్పుడును బట్టి పాకం ఎంత ముదిరిందో చెబుతాడు. ఆయన మాట మీదే ధర నిలుస్తుంది. ఎనిమిది రోజుల క్రితం ఒక సైకిలు వల్ల కిందపడి, పైవరుసలో ముందరి రెండు పండ్లు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మండీకి పోలేదు. నవ్వు వస్తే తువ్వాలు అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఊడిన పండ్లను మా అవ్వ పసుపు గుడ్డలో కట్టి దాచింది. "పన్నూ ఎముకే గదరా. పుత్తూర్లో కాళ్ళూ సేతులే అతికిస్తారే, రెండు పండ్లు అతికించలేరా?" అంది. ఇంట్లో ఎవరికీ అది తప్పని తోచలేదు, పుస్తకాలు చదివే నాకు కూడా.

నాయనా నేనూ ఆరింటి బస్సెక్కాం. కార్వేటినగరం మీదుగా పుత్తూరుకు రెండు గంటలకు పైనే పట్టింది, టికెట్టు ఆరు రూపాయలు. పొద్దున పూట ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. కట్టు కట్టే పెద్దాయన ఇంటి ముందు అప్పటికే చేతులు విరిగినవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చాక ఆయన పసుపు గుడ్డ విప్పి చూసి పకపకా నవ్వాడు.

"ఏం సెట్టీ, విరిగింది తెమ్మంటే ఊడింది తెచ్చినావే! ఎముక తనంతట తానే అతుక్కుంటాది. అది కదలకుండా కట్టేదే నా పని. ఊడిన పంటికి నేను యాడ కట్టేది? తిరుపతిలో పంటి డాక్టరు దగ్గరికి పో అబ్బా."

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. "వడ ఎయ్యమంటారా?" అని వంటాయన అడిగితే, నాయన తువ్వాలు చాటునుంచి, "వడ పాపకెయ్యప్పా. నాకు మెత్తనిదేదైనా సాలు" అన్నాడు.

తిరుపతి అక్కడినుంచి గంట ప్రయాణం. డాక్టరు మద్రాసులో చదువుకుని వచ్చిన యువకుడు, ఓపిక గలవాడు. పండ్లను చూసి, "ఊడిన వెంటనే పాలలో వేసి, గంట లోపల తెచ్చి ఉంటే వీటినే మళ్ళీ నిలబెట్టే ప్రయత్నం చేసేవాణ్ణి" అన్నాడు. నేను తల దించుకున్నాను.

ఇక ఉన్న దారులు ఆయనే చెప్పాడు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఒకటి. పక్క పండ్లను అరగదీసి వాటి ఆధారంతో కదలకుండా కట్టేది ఇంకొకటి. నాయన రెండోదానికి ఒప్పుకోలేదు. "బాగుండే పండ్లను అరగదీసేదెందుకు సారూ?" మూడో దారిని డాక్టరు ఒక లావు పుస్తకంలో బొమ్మగా చూపించాడు. దవడ ఎముకలో దిగిన స్క్రూ లాంటి చిన్న మర, దానిమీద పన్ను.

ఇంట్లో వాళ్ళతో తప్ప ఎవరితోనూ మాట్లాడని నేను అడిగేశాను. "ఎముక దాన్ని పరాయిదని తోసెయ్యదా?"

"టైటేనియం అనే లోహమైతే తోసెయ్యదమ్మా. ఎముక దాని చుట్టూ పెరిగి పట్టుకుంటుంది."

"గోడకు మేకు కొట్టినట్టా?" అన్నాడు నాయన.

"కాదు. మామిడికి అంటు కట్టినాక ఏం చేస్తారు?"

"అతుక్కునే దాకా కదిలించం."

"ఇదీ అంతే. కొన్ని నెలలు దాని మీద బరువు పడకుండా వదిలేస్తారు. ఎముక పట్టుకున్నాకనే పైన పన్ను."

"అట్లయితే బెల్లం కొరకొచ్చు గదా! ఎప్పుడు పెడతారు సారూ?"

డాక్టరు పుస్తకం మూశాడు. "ఈడ లేదు. మద్రాసులోనే ఇప్పుడిప్పుడు ఒకరిద్దరు మొదలుపెడతా ఉండారంట. ఖర్చు కూడా ఎక్కువే. బెల్లం మాత్రం సొంత పంటితో అయినా కొరకమని నేను చెప్పను." కట్టుడు పళ్ళకు కొలత తీసుకుని, పదిహేను రోజులకు రమ్మన్నాడు. వాటితో గట్టివి కొరకరాదు.

బస్టాండులో నాయన ఒక బెల్లం ముద్ద కొన్నాడు. కాసేపు అరచేతిలో తిప్పి, నా చేతిలో పెట్టాడు.

"కొరుకు పాపా."

"నాకేం తెలుసు నాయనా?"

"తెలిసేదేముండాది? సప్పుడు సెప్పు. టప్‌మనిందా, అణిగిందా?"

కొరికాను. "టప్‌మనింది. లోపల ఇసుకలాగా పొడిగా ఉంది."

నాయన తువ్వాలు మరచిపోయి నవ్వాడు. "పాకం బాగా ముదిరిందన్నమాట. రేపు మండీకి రా. నువ్వు కొరుకు, నేను ధర సెప్తా."

"అందరి ముందరా?"

"ఈ నోరేసుకుని నేను కూసోనా? నీకేం సిగ్గు!"

మరునాడు వెళ్ళాను. ఒక రైతు నన్ను చూసి, "కొత్త పండ్లు బాగుండాయే సెట్టీ!" అని ఎగతాళి చేశాడు. "కాన్వెంటులో సదివిన పండ్లప్పా, అబద్ధం సెప్పవు" అన్నాడు నాయన.

కట్టుడు పళ్ళు చిగుళ్ళ మీద కూర్చుంటాయి, ఆ మర ఎముకలో నిలుస్తుంది. ఇంత ప్రయాణంలో నాకు అర్థమైన తేడా ఇదే. ఆ మర తిరుపతికి వచ్చిన రోజున నాయనను మళ్ళీ తీసుకువెళతాను. అంతదాకా ఆయన పక్కన కూర్చుని కొరకడం నాకు బాగానే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు దెబ్బ తగిలి పన్ను ఊడితే, వేరును తాకకుండా, గుడ్డలో చుట్టకుండా, చల్లని పాలలో వేసి, పుత్తూరులో దిగకుండా నేరుగా పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నాయన కిందపడిన ఆ రోజు సైకిలు నేర్చుకుంటున్నది నేను. నాయన సీటు పట్టుకుని నా వెనక పరిగెడుతున్నాడు.