మేస్త్రి పెట్టని సంతకం

ఆళ్లగడ్డలో మా వైరింగ్ మేస్త్రి పోయాడని మొన్న ఆదివారం కబురొచ్చింది. చర్చి వెనక మట్టి వేసేటప్పుడు నంద్యాల కాంట్రాక్టర్లు ఇద్దరు ఆయన నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడారు. బతికుండగా ఆయనకు పని దొరక్కుండా చేసింది వాళ్లే. వాళ్లు చెప్పనిది నేను చెబుతాను.

డెబ్బైల చివర ఆయన దగ్గర ఐదేళ్లు పనిచేశాను. వైర్‌మన్ పరీక్షకు కూర్చోవాలంటే నా అనుభవ పత్రం మీద పర్మిట్ ఉన్న మేస్త్రి సంతకం కావాలి. ఆ వేసవిలో పెడతానన్నాడు.

అప్పుడు నంద్యాల బయట ఒక పత్తి మిల్లుకు వైరింగ్ చేస్తున్నాం. మోటరు ఇనుముకు కరెంటు పాకితే మనిషికి తగలకుండా నేలలోకి లాగేసే ఎర్తు గుంత నా వంతు. నల్లరేగడి ఎండకు రాయైపోయింది. నిలువు లోతు తవ్వాల్సింది మోకాలి లోతే తవ్వి, తేమ నిలిపే బొగ్గూ ఉప్పూ వేయకుండానే పైపు దించి పూడ్చేశాను. అంతా అయిందని చెప్పాను.

పూడ్చిన గుంతను తిరిగి తవ్వి చూడకుండా, పని సరిగా ఉందనే కాగితం మీద సంతకం పెట్టే అలవాటు ఆయనకు లేదు. గడ్డపార అందుకున్నాడు. మిల్లు ఓనరు నవ్వాడు.

"కాగితమే కదప్పా, గీకి పారేయ్. రేపు స్విచ్చేయాల."

"నీకది కాగితం. ఈడ పనిచేసే ఆడోళ్లకు గుంతలో ఏముందో తెల్దు. నా సంతకం ఉందనే ఉత్తకాళ్లతో మోటరు పక్కన నిలబడతారు."

నాలుగు పోట్లకే పైపు అడుగు బయటపడింది. ఆయన నావైపు చూడలేదు. "తప్పు నాదే. సరిచేసినాకే పెడతా" అన్నాడు. ఓనరు ఆగలేదు. ఆ కాంట్రాక్టర్లలో ఒకణ్ని పిలిపించాడు. వాడు గుంతవైపు పోకుండానే సంతకం గీకి పోయాడు. పని పోయినా, మేస్త్రి నాతో గుంత మళ్లీ తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించాకే కదిలాడు.

తిరిగొచ్చే బస్సులో నా అనుభవ పత్రం సంగతి అడిగాను.

"ఇంకో ఏడాది పోనీ."

"ఐదేండ్లు చేసినా కదా మేస్త్రీ?"

"ఐదేండ్లు నా పక్కన చేసినావు. నేను లేనప్పుడు ఏం చేస్తావో ఈ దినం చూసినా."

సంగతి తెలిసి ఆ కాంట్రాక్టరు "నీ పత్రం మీద నేను పెడతా రా" అన్నాడు. పోలేదు. సిగ్గుతో కాదు, ఈయన చేతే పెట్టించుకోవాలన్న పంతంతో. ఏడాదంతా ముఖం ముడుచుకునే గుంతలు తవ్వాను. తర్వాత యోగ్యత గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. బస్సులో విన్న ఆ మాటను మించింది దొరకలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పనూ లేదు.

మరుసటి వేసవిలో ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతు మోటరు షెడ్డు పని నేనొక్కణ్నే చేశాను. మేస్త్రి వచ్చి గుంత తవ్వి చూసి, పూడ్చాడు. మోటరు వేయమన్నాడు. చెప్పులు విడిచి తడినేల మీద నిలబడి, నడుస్తున్న మోటరు మీదే నా పత్రం పరిచాడు. ఎడమ అరచెయ్యి ఇనుముకు ఆనించి, కుడిచేత్తో సంతకం పెట్టాడు. మోటరు అదురుకు అక్షరాలన్నీ వణికాయి. చెయ్యి మాత్రం తీయలేదు.