రిజిస్టరులో లేని పేరు

పోయిన నెల బాపట్లలో మా కాలేజీ స్టాఫ్ రూములో సిలబస్ మార్పుల గురించి చిన్న సమావేశం జరిగింది. కొత్తగా చేరిన లెక్చరర్ ఒకామె, చురుకైన పిల్ల, ఒక కాగితం మీద ఎర్రగీత గీసి నా ముందుకు జరిపింది. "పెద్ద ఫైల్లో ఒక మాటను వెతికే పద్ధతులు మూడు చెబుతున్నాం కదండీ మేడం. మొదటిది తీసేద్దామండీ. అంత నిదానంగా వెతికేది ఈ రోజుల్లో ఎవరు వాడతారండీ?" అంది. మాట సబబే. నేను మాత్రం "ఉండనివ్వమ్మా" అన్నాను. ఎందుకని అడిగితే, పరీక్షలో పిల్లలకు సులువు ప్రశ్న ఒకటైనా ఉండాలి కదా అని నవ్వేశాను. అసలు కారణం టీ బిస్కెట్ల మధ్య చెప్పేది కాదు. అది రేపల్లెలో ఉండే మా బాబాయికి సంబంధించింది.

బాబాయంటే మా పిన్ని భర్త. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరయిన మర్నాడే ఆయనకు తోచక, తమ చర్చిలో చెదలు పట్టబోతున్న పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని పాస్టరు అయ్యగారికి మాటిచ్చారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు, కొన్ని తరాలవి. రెండు వేళ్లతో కొట్టేవారు. కొట్టడం అయ్యాక కీబోర్డు మీద తుండుగుడ్డ కప్పేవారు, పాలగిన్నె మీద మూత పెట్టినంత జాగ్రత్తగా. పాత గుమాస్తా ఎవరో పేరులో దీర్ఘం మరిచిపోతే దిద్దందే ముందుకు కదిలేవారు కాదు. "పోయినోళ్ల పేర్లలో తప్పులుంటే ఎలాగమ్మా? పైకెళ్లి ఏమని పిలిపించుకుంటారు?" అనేవారు. ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో చిన్న నోట్‌బుక్కులో రాసుకునేవారు. నాలుగేళ్లు పట్టింది. పిన్ని ఆ నాలుగేళ్లూ ఆయన్ని భోజనానికి మూడుసార్లు పిలిచేది. మూడోసారి పిలుపులో "ఏవండీ" ఉండేది కాదు.

పని పూర్తయ్యాక ఆ ఫైల్లో వెతకడానికి నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాను. పేరు కొడితే క్షణంలో చెబుతుంది, ఉందో లేదో, ఉంటే ఏ పేజీలో ఉందో. బాబాయికి అది మంత్రంలా కనిపించింది. బాప్తిస్మం తేదీ కావాలనో, తాత సమాధి ఎక్కడనో ఊళ్లవాళ్లు వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, కళ్లజోడు సర్దుకుని పేరు కొట్టేవారు. ఉంటే పేజీ నంబరు రాసిచ్చేవారు. లేకపోతే "లేదండి" అని చెప్పి, పాపం ఎండన పడి వచ్చారని మజ్జిగ ఇప్పించేవారు. అలా లేదని పంపినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా అదే నోట్‌బుక్కు వెనక పేజీల్లో రాసుకున్నారు. ఎందుకని అడిగితే, "మర్యాదమ్మా" అన్నారు.

కొన్నాళ్లకు, కాలేజీలో నేను ఏళ్లుగా చేయిస్తున్న, ఈ వెతుకులాటల వేగం పోల్చి చూపే ప్రయోగాన్ని కొత్తగా తయారుచేయాల్సి వచ్చింది. ఈసారి దానికి పొడుగాటి తెలుగు రాత కావాలి. బాబాయి ఫైలు కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? అయ్యగారిని అడిగి తెచ్చుకున్నాను. మొదటి పద్ధతి వెనకటి గుమాస్తా లాంటిది. ప్రతి అక్షరం కింద వేలు పెట్టి, పేరు ఇక్కడ మొదలైందా, ఇక్కడ మొదలైందా అని చివరిదాకా పోతుంది. రెండోది అప్పటిదాకా చూసింది గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి చూసిన అక్షరం కోసం వెనక్కి రాదు. మూడోది దూకుతుంది. పేరుకు ఎన్ని అక్షరాలో అంత దూరంలో ఉన్న అక్షరాన్ని ముందు చూస్తుంది. ఆ అక్షరం మన పేరులోనే లేదనుకోండి, మధ్యలోవి చూడటం దండగని వాటన్నిటినీ దాటేస్తుంది. అందరికంటే వేగం దానిదే. బాబాయికి నేనిచ్చింది ఆ మూడోదే.

వేగం పోల్చాలంటే ఫైల్లో లేని పేరు కావాలి. ఉన్న పేరైతే దొరికిన చోటే ఆగిపోతుంది, మూడూ ఫైలు చివరిదాకా పరుగెత్తాలంటే పేరు దొరక్కూడదు. వేసవి సెలవులు. ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. బాబాయికి ఫోన్ చేసి, "మీ రిజిస్టర్లలో ఎక్కడా లేని పేరొకటి చెప్పండి బాబాయ్" అన్నాను. ఆయన ఒక ఆడపిల్ల పేరు చెప్పారు. ఆ పేరు ఇక్కడ రాయను. అలాంటిది అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. వాళ్ల నాయనమ్మ పేరులో సగం, అమ్మమ్మ పేరులో సగం కలిపి కట్టిన పేరని తర్వాత తెలిసింది.

"ఖచ్చితంగా లేదా బాబాయ్?"

"లేదమ్మా. నువ్విచ్చిన దాంట్లోనే వెతికాను. లేదంది."

ఫోను పెట్టేలోపు వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది. "ఎవరి పేరండీ అది?" అంటోంది.

ఒక్కసారి వెతికితే తేడా తెలియదు కనుక ఒక్కో పద్ధతిని వెయ్యేసిసార్లు వెతికించేలా పెట్టాను. ముందు మూడోదాన్ని వదిలాను. నేను మంచినీళ్ల సీసా మూత తీసేలోపు అయిపోయింది. దొరికినవి సున్నా అంది. తర్వాత మొదటిదాన్ని వదిలి, కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాను. బయట ఎండకు గ్రౌండంతా తెల్లగా ఉంది, మనిషి జాడ లేదు. ఫ్యాను ఒక్కటే కిర్రుమంటోంది. తిరిగొచ్చి చూస్తే తెర మీద ఒకటి అని ఉంది.

నిదానపు పద్ధతిలో తప్పు చేయడానికి చోటే ఉండదు. అయినా దాన్నే అనుమానించాను. పేరులో ఒక అక్షరం మార్చి వెతికిస్తే సున్నా. మళ్లీ సరిగా పెడితే ఒకటి. రెండో పద్ధతిని అడిగాను. అదీ ఒకటే అంది. మూడోది మాత్రం ఎన్నిసార్లు అడిగినా సున్నా. అప్పటికి నాకు ఆ పేరు ఎవరిదో కూడా తెలియదు. లేదని చెప్పిన మనిషి గొంతు మాత్రం చెవిలో ఉంది.

ఆ చోటు తెరిచాను. భూస్థాపనల రిజిస్టరు. పేరు. వయసు సుమారు ఇరవై. తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా, బాబాయి నాన్నగారిది. ఊరు, సముద్రం ఒడ్డున వాళ్లు ఒకప్పుడున్న పల్లె. ఆ కింద రెండు వాక్యాలు: "వేమూరు వైపు కాలువ పనికి వచ్చిన కూలి. ఆస్పత్రిలో మరణించుటకు ముందు ఈ వివరములు తానే చెప్పినది."

బాబాయి చిన్నప్పుడు వచ్చిన ఉప్పెన గురించి మా ఇంట్లో అందరికీ కొంచెం కొంచెం తెలుసు. ఆయనకు పన్నెండేళ్లు. నాన్న, చెల్లి కొట్టుకుపోయారు. నాన్న శవమై దొరికాడు. ఎనిమిదేళ్ల చెల్లి దొరకలేదు. తల్లీ కొడుకూ రేపల్లె వచ్చేసి మళ్లీ బతుకు మొదలుపెట్టారు. చెల్లి పేరేంటో మాలో ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

మర్నాడు తెనాలిలో రేపల్లె పాసింజరెక్కాను. ఈ సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను. వేమూరు స్టేషన్లో రైలు ఆగితే, దిగేవాళ్లనూ ఎక్కేవాళ్లనూ ఆ రోజు ఎందుకో ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్లేసరికి బాబాయి వరండాలో పేపరు చదువుతున్నారు. నేను అచ్చు తీసి పట్టుకెళ్లిన కాగితం ఇచ్చాను. చదివారు. మడిచారు. "నువ్వు కొట్టావా ఇది?" అన్నారు.

"మీరే కొట్టారు బాబాయ్. మీ ఫైల్లోదే."

"నేను కొట్టలేదమ్మా." చాలా మామూలుగా అన్నారు. "నేను కొట్టుంటే నాకు తెలీదా?"

చర్చికి వెళ్లి అసలు రిజిస్టరు తీయించాం. పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. వెలిసిన నీలం సిరాలో, ఎప్పుడో పోయిన అయ్యగారి చేతిరాతలో అదే పేరు, అవే మాటలు ఉన్నాయి. బాబాయి వేలు ఆ గీత దగ్గర ఆగింది. ఇంటికొచ్చాక తన నోట్‌బుక్కు తీశారు. ఆ పేజీ కొట్టిన తేదీ ఉంది, ఆయన రాతలోనే. దాని తర్వాత ఇరవై రోజులు ఖాళీ. నాలుగేళ్లలో అన్ని రోజుల ఖాళీ ఇంకెక్కడా లేదు. పిన్ని తలుపు దగ్గర నిలబడి మెల్లగా అంది: "అప్పుడే కదండీ మీకు చేతులు లేవలేదు? గుంటూరు దాకా తీసుకెళ్లాం. డాక్టరు గారు అన్నీ చూసి ఏమీ లేదన్నాడు." బాబాయి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరివో చూస్తున్నట్టు చూశారు. నేను ఆ చేతుల వంక చూడలేకపోయాను.

ఆ అమ్మాయిని ఉప్పెన తర్వాత ఎవరు తీశారో, ఎక్కడ పెంచారో, ఎన్ని ఊళ్లు తిప్పారో తెలుసుకోవాలని చాలా తిరిగాం. తెలియలేదు. తెలిసింది ఒక్కటే. చెల్లి ఆస్పత్రిలో పోయిన ఏడాది బాబాయి కొత్తగా ఉద్యోగంలో చేరి, తల్లితో కలిసి ఆ ఆస్పత్రి ఎదురు సందులోనే అద్దె గదిలో ఉన్నారు. అప్పటి అయ్యగారు ఆ ఏడే వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. సముద్రం తుడిచేసిన పల్లె పేరూ, అందులోని ఇంటిపేర్లూ ఆయనకు ఏం తెలుస్తాయి? చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాడు. "భూస్థాపనకి గంట కొడతారమ్మా," అన్నారు బాబాయి. "బడికి వెళ్తూనో వస్తూనో నేనది వినే ఉంటాను. మా అమ్మ కూడా వినే ఉంటుంది. ఎవరో పోయారని చేతులు జోడించి ఉంటుంది."

ఇక నా తప్పు. మూడో పద్ధతిలో, పేరులో లేని అక్షరం కనిపిస్తే పేరు పొడవంత దూకాలి. నేను ఒకటి కలిపి రాశాను. ఒకే ఒక్క అక్షరం ఎక్కువ. వెతికే పేరు సరిగ్గా వాలాల్సిన చోటే మొదలైతే, ప్రోగ్రాం దాని మొదటి అక్షరం నెత్తి మీదుగా వెళ్లి రెండో అక్షరం మీద వాలుతుంది. పేరు దొరకదు. అన్నిసార్లూ అలా జరగదు, ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. అందుకే ఎవరం పట్టుకోలేదు. అదే ప్రోగ్రాం నేను ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను. ఏది ముందు పరుగెత్తిందో పిల్లలచేత రాయించాను. మూడూ ఒకే జవాబు చెప్పాయా అని ఒక్కసారి కూడా అడగలేదు.

బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, "నోట్‌బుక్కు వెనక పేజీల్లో పేర్లున్నాయి కదమ్మా, రా" అన్నారు. వెళ్లాను. లేదని పంపినవాళ్ల పేర్లన్నీ ఆయన చదువుతుంటే నేను నిదానపు పద్ధతిలో వెతికాను. ఒక్కో పేరు కొట్టాక తెర వంక ఇద్దరం చూసేవాళ్లం. లేదు, లేదు, లేదు. తర్వాత ఒకటి వచ్చింది. ఆ మధ్యాహ్నం మొత్తం నలుగురు దొరికారు, ఇన్నాళ్లూ అక్కడే ఉన్నవాళ్లు. నలుగురి ఇళ్లకూ బాబాయే ఫోన్ చేశారు. తప్పు తనదేనని చెప్పారు, నా పేరు రానివ్వలేదు. బాపట్ల దగ్గర ఒకాయన తల్లి సమాధి కోసం రెండుసార్లు వచ్చి మజ్జిగ తాగి వెళ్లిపోయినవాడు. ఆయన కొడుకు ఫోనెత్తి, "నాన్న పోయి ఆర్నెల్లయిందండి" అన్నాడు. బాబాయి ఫోను చెవి దగ్గరే పట్టుకుని, "మీ నాయనమ్మ ఇక్కడే ఉన్నారు బాబూ, ఒకసారి రండి" అన్నారు. తర్వాత వచ్చారు, పిల్లల్ని తీసుకుని.

చెల్లి సమాధికి గుర్తు లేదు. రిజిస్టరులో వరస సంఖ్య ఉంది గానీ, ఆ వరసలో రాళ్లు లేవు, గడ్డి ఉంది. వాన పడి వెలిసిన రోజు బాబాయి, పిన్ని, నేను వెళ్లాం. పిన్ని మొదటిసారి ఆ పేరు పైకి పలికి ప్రార్థన చేసింది. బాబాయి ప్రార్థనలో కళ్లు మూసుకోలేదు. గడ్డిలో ఎటు చూడాలో తెలియక అంతటా చూస్తున్నారు. వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగి నన్ను అడిగారు: "కాలువ పని అంటే చలికాలం కదమ్మా. దుప్పటుండేదంటావా దానికి?"

ఉండేదండి అన్నాను. నాకేం తెలుసు? ఎనిమిదేళ్ల దగ్గర ఆగిపోయిన పిల్ల ఆయన మనసులో అప్పటికప్పుడు తొమ్మిదేళ్లది, పదేళ్లది, పదిహేనేళ్లది అవుతోందని నాకు అర్థమైంది. ప్రతి ఏడాదికీ ఒక చలి, ఒక ఆకలి, పరాయి ఇంట ఒక మూల. గడిచిన కాలం మళ్లీ రాదని అందరం అంటాం గానీ, ఎవరూ చూడకుండా గడిచిన పన్నెండేళ్లు, గడవాల్సింది ఇంకా మిగిలే ఉన్నట్టు, డెబ్బై ఏళ్ల మనిషి ఇంటికి వచ్చి కూర్చోవడం నేను చూశాను.