రెండు క్యామ్‌షాఫ్టులు, ఒక అబద్ధం

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నేను వాటిని మూటగట్టి హిందూపురం అంగళ్లకు వేసి వస్తుంటాను. ఈ తిరుగుడు కోసం కొన్నేళ్ల కిందట ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. మంచి కారే, కాకపోతే పెనుకొండ దగ్గర ఎత్తు వచ్చిందంటే రెండో గేరులోకి దిగిపోయి, దగ్గుతూ మూలుగుతూ ఎక్కేది. ఒకరోజు గడ్డి ట్రాక్టరు నన్ను దాటుకుని పోయింది. ఆ గడ్డి మీద వెల్లకిలా పడుకున్న మనిషి తల తిప్పి నన్ను చూసి, పాపం అన్నట్టుగా చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడమే నా కొంప ముంచింది.

ఆ రోజు నుంచి ఫోన్‌లో ఇంజన్ల వీడియోలు చూడడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి నేనే పెద్ద మెకానిక్కునన్న నమ్మకం కుదిరింది. ఇంజన్ పైన హెడ్ అనే దిమ్మ ఉంటుంది. గాలి లోపలికి వచ్చే దారులు, పొగ బయటికి పోయే దారులు అందులోనే ఉంటాయి. వాటిని పోర్టులంటారు. ఆ దారులకు తలుపుల్లాంటివి వాల్వులు. అవి ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో చెప్పేది క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ. దాని పొడవునా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి, అవే వాల్వుల్ని నొక్కి తెరుస్తాయి. దారులు వెడల్పు చేసి, తలుపులు ఎక్కువసేపు తెరిచి పెడితే కారు ఎగిరిపోతుంది. నాకు అర్థమైంది అంతే. అర్థం కానిది చాలా ఉందని తర్వాత తెలిసింది.

హెడ్ పనికి హిందూపురంలో ఒక మేస్త్రి ఉన్నాడని ఎవరో చెప్తే పోయాను. అరవై దాటిన మనిషి. పరిగి రోడ్డులో చిన్న లేత్ షాపు. ఇంట్లో కన్నడం, షాపులో తెలుగు, కోపమొస్తే రెండూ మాట్లాడతాడు. నేను చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"క్యామ్ మార్చాలంటే ముందు నీ సంగతి నాకు తెలియాలప్పా. యాడ తిరుగుతావు? ఎంతమంది ఎక్కుతారు? ఎంత స్పీడులో పోతావు?"

"నేనొక్కణ్ణే మేస్త్రీ. అంతా హైవేనే. నూటిరవైకి తగ్గను" అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన ముందు చీరల మూటలవాడిలా కనబడడం ఇష్టం లేకపోయింది.

మేస్త్రి కళ్లద్దాల పైనుంచి నన్నూ, బయట నిలబడిన కారునూ మార్చి మార్చి చూశాడు. "పెద్ద క్యామ్ పెడితే ఇంజన్ బాగా తిరిగినప్పుడు ఉరుకుతాది. నిదానంగా పోయేటప్పుడు సత్తువ ఉండదు. బాగా ఆలోచించుకో."

"ఆలోచించుకున్నా."

"సరే. నువ్వు చెప్పిందే నాకు కొలత" అని, బెంగళూరులో తనకు తెలిసినవాళ్ల దగ్గర క్యామ్ తయారు చేయించి తెప్పిస్తానన్నాడు. పోర్టుల పని నేనే చేసుకుంటానన్నాను. ఆయన నవ్వు ఆపుకోవడం చూశాను గానీ చూడనట్టే ఊరుకున్నాను.

పాత సామాన్లమ్మే గుజరీ అంగడిలో ఇంకో హెడ్ దొరికింది. కారు అసలు హెడ్‌ను పాడు చేసుకోకుండా దీని మీద పని నేర్చుకోవచ్చు కదా అని కొన్నాను. నేను చేసిన ఒకే ఒక తెలివైన పని అది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, చేతి గ్రైండరుతో పది రోజులు తవ్వాను. లోపల మగ్గం మీద చీర ఉందని మా అమ్మ తలుపులన్నీ బిగించింది. "పట్టు మీద ఒక్క రవ్వ పడిందంటే ఆ గుజరీలో నిన్నే అమ్మేస్తా" అని నాయన కిటికీలోంచి అరిచాడు. నేను తవ్వుతూనే ఉన్నాను. చివరికి పోర్టులు అద్దంలా మెరిశాయి. అవ్వ తొంగి చూసి, "బాగుండాది నాయనా, ఇందులో పప్పు వండొచ్చా?" అని అడిగింది.

బెంగళూరు నుంచి పెద్ద క్యామ్ వచ్చాక, దాన్నీ నేను తవ్విన హెడ్‌నూ నేనే బిగించుకుని, ధర్మవరం బయట ఖాళీ రోడ్డు మీద ఒక్కణ్ణే తోలి చూశాను. గట్టిగా తొక్కితే నిజంగానే ఉరికింది. నేను ఒక్కణ్ణే అరిచాను కూడా. కానీ ఇంజన్ ఆపకుండా నిలబెడితే మాత్రం కారు ఊగిపోయేది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆ వారంలోనే హిందూపురంలో బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. నాయన, అమ్మ, అవ్వ, మా ఆవిడ అందరూ ఎక్కారు. డిక్కీలో చీరల మూటలు రెండు. ఊరు దాటక ముందే అవ్వ ఒళ్లోని వక్కలు ఒకటొకటే ఎగిరి కింద పడడం మొదలుపెట్టాయి.

"ఏమిరా, కారుకు చలిజ్వరమొచ్చిండాదా?"

"అది రేసు క్యామ్ అవ్వా. అట్లే ఉంటాది."

"జ్వరమే" అంది అవ్వ.

పెనుకొండ ఎత్తు ఎక్కుతుండగా రోడ్డుకడ్డంగా గొర్రెలొచ్చాయి. ఎన్నో లెక్క లేదు. వాటి వెనక నడక వేగంలో పోవాలి. ఈ కారుకు నడక రాదు. ఉరకడం లేదంటే చావడం, రెండే వచ్చు. రెండో దాన్ని ఎంచుకుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే బుస్సుమని, రెండు గొర్రెల్ని బెదరగొట్టి, ఆగిపోయింది. గొర్రెలు కారు చుట్టూ చేరి అద్దాల్లోంచి మమ్మల్ని చూశాయి. గొర్రెలకాపరి కూడా చూశాడు.

"ఏమప్పా, నా జీవాల్ని చూసి దడుచుకునిందా మీ కారు?"

నాయన కొత్త పంచె ఎగగట్టి దిగాడు. ఆయనా, కాపరీ, మా ఆవిడా కలిసి తోస్తుంటే నేను స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. వెనక నుంచి నాయన గొంతు వినబడింది. "రేయ్, ధర్మవరమోళ్లు ఎవురన్నా చూసినారంటే, నేను మగ్గం ఇడిసిపెట్టి కార్లు తోసే పనికి కుదిరినాననుకుంటారు!" నిశ్చితార్థానికి మేము పోయేసరికి ఆకులు ఎత్తేశారు.

మరుసటి వారం మేస్త్రి దగ్గరికి పోతుంటే నాయన కూడా వచ్చాడు. "నువ్వొక్కడివే పోతే ఇంకేం చేయించుకుని వస్తావో" అన్నాడు. మేస్త్రి నా హెడ్‌ను విప్పి పోర్టులో వేలు పెట్టాడు. వేలు కాదు, రెండు వేళ్లు పట్టాయి.

"ఇది పోర్టా, బుక్కపట్నం చెరువు తూమా?" అన్నాడు. తర్వాత వాకిట్లో నీళ్ల పైపు తెచ్చి మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీళ్లు రోడ్డు దాకా పోయాయి. వేలు తీస్తే ఆయన చెప్పుల మీదే పడ్డాయి. "గాలి కూడా ఇంతే. దారి మరీ వెడల్పయితే అది సోమరిపోతయితాది. పైగా గాలి లోపలికొచ్చే తట్టు ఇంత నున్నగా చేసినావు. అద్దం మాదిరి ఉంటే పెట్రోలు గాల్లో కలవకుండా గోడెంబడి కారతాది."

ఆ తర్వాత పాత ప్రశ్నలే మళ్లీ అడిగాడు. ఈసారి నేను నోరు తెరిచేలోపలే నాయన అందుకున్నాడు.

"అయిదు మందిమి ఎక్కుతామన్నా. వెనక మూటలు. ధర్మవరం నుంచి ఈడికి ముప్పై చోట్ల ఆగుతాం. వీడు అరవై దాటితే మా యమ్మ అరుస్తాది."

మేస్త్రి నన్ను చూడలేదు. అది ఆయన మర్యాద. "అట్లయితే చిన్న క్యామ్ చాలన్నా. కంపెనీదాని కంటే రవ్వంత ఎక్కువ" అన్నాడు. హెడ్ మాత్రం అసలుదే వాడమన్నాడు. వెడల్పు చెయ్యొద్దు, దారిలో ఎక్కడైనా మెట్లు, గరుకు అంచులు ఉంటే అవి తీసెయ్యి, అంతే.

ఇంటికొచ్చి మళ్లీ అరుగు మీద కూర్చున్నాను. నాలుగు రోజుల్లో పని అయిపోయిందనుకున్నాను. నాయన బయటికి వచ్చి చిటికెన వేలు పోర్టులో పెట్టి మెల్లగా తిప్పాడు.

"ఈడ మెట్టుండాది."

టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. "లేదు నాయనా."

"కండ్లకు కనపడేదయితే నువ్వే చూసుకుంటావు కదా. వేలు పెట్టు."

పెట్టాను. నాకు తగల్లేదు. గాలిగొట్టం వచ్చి హెడ్‌కు అతుక్కునే చోట, మధ్యలో వేసే గ్యాస్కెట్ అట్టను కొలతకు పెట్టి, చుట్టూ నీలిరంగు పూసి చూస్తే, నిజంగానే ఒక పక్క వెంట్రుక మందం అంచు పొడుచుకుని ఉంది. నలభై ఏళ్లుగా పట్టుపోగులో ముడిని వేలితో పట్టే మనిషి ఆయన. నా చేతిలోని గరుకు ఎమిరి పేపరు లాక్కుని, వేలికి చుట్టుకుని, ఆ అంచు తీసేశాడు. తర్వాత రెండో పోర్టు. తర్వాత మూడోది. అమ్మ భోజనానికి పిలిస్తే "వస్తాండా" అన్నాడు గానీ కదల్లేదు. పండగల్లో తప్ప ఆగని మా మగ్గం రెండు రోజులు ఆగింది. "తండ్రీ కొడుకులిద్దరికీ జ్వరమే" అంది అవ్వ.

కొత్త క్యామ్ వేయించుకుని, మళ్లీ అందరం పెనుకొండ దారి పట్టాం. కారు ఎగిరిపోలేదు. ఇంజన్ చప్పుడులో కూడా పెద్ద తేడా ఏమీ లేదు. ఎత్తు దగ్గర నా చెయ్యి అలవాటుగా రెండో గేరుకు పోయింది. "ఉండు, లాగుతాండాది కదా" అన్నాడు నాయన. నిజమే, మూడో గేరులోనే నింపాదిగా లాగుతోంది. వెనక్కి చూస్తే అవ్వ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇంతకంటే పెద్ద పరీక్ష మా ఇంట్లో లేదు. మేస్త్రికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. "నిద్రపోయిందా? అయితే సరిపోయింది" అన్నాడాయన. మొదటిరోజు నేను చెప్పింది అబద్ధమని కూడా అప్పుడే ఒప్పుకున్నాను. "నాకు ఆ పొద్దే తెలుసప్పా. చెప్తే వింటావా నువ్వు?" అన్నాడు.

హిందూపురం నుంచి తిరిగి వస్తూ, ధర్మవరం దగ్గర పడ్డాక, నాయన కారు పక్కకు ఆపమన్నాడు. ఆపాను. దిగి నా వైపు తలుపు తెరిచాడు.

"జరుగు. నేను తోలతా."

"నీకు రాదు కదా నాయనా!"

"దాని లోపల ఏముండాదో నీకంటే నాకే బాగా తెలుసు" అన్నాడు.

అమ్మ, మా ఆవిడ అవ్వను లేపి దింపి రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎక్కడమా మానడమా అని వాళ్లు చర్చ పెట్టుకుంటుండగానే కారు కదిలింది. పొద్దస్తమానం మగ్గం కింద రెండు కాళ్లతో తొక్కే మనిషి కదా, క్లచ్చు ఆయన కాలికి వెన్నలా లొంగిపోయింది. స్టీరింగు మాత్రం ఆయన మాట వినలేదు. మేము నేరుగా ఒక శనగ చేనులోకి పోతున్నాం. ఆయన ముఖంలో భయమన్నది లేదు.

"బాగా లాగుతాండాది రా!" అంటున్నాడు.