పత్తి గదిలో ఛార్జింగు

పత్తి ఇంట్లోకి చేరిందంటే మా ఇంట్లో అగ్గిపుల్లకు చోటుండదు. రేటు పలికేదాకా ముందు గదిలో నడుమెత్తున పోసి ఉంచుతాం. దేవుడి దీపం కూడా పెరట్లోకి వెళ్తుంది. బీడీ తాగే చుట్టమొస్తే నాన్న వీధిలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తాడు. ఇంత జాగ్రత్తపరులం, నా లాప్‌టాప్‌ను మాత్రం ఆ పత్తి మీదే పెట్టి ఛార్జింగు చేశాం. దానికి మంట కనపడదు కదా మరి!

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో కరెంటుకు వేళాపాళా లేదు. నా ఉద్యోగమేమో ఇంటి నుంచే. చేరిన కొత్తలో ఒక మీటింగు మధ్యలో కరెంటు పోయింది, ఆ వెంటనే బ్యాటరీ కూడా అయిపోయింది. మేనేజరు చేత మాటలు పడి, పత్తి కుప్ప పక్కన కూర్చుని ఏడ్చాను. అది నాన్న చూశాడు.

ఎప్పుడూ నిండుగా ఉంచితే బ్యాటరీ పాడవుతుందని, ఎనభై శాతం దాటగానే తీగ తీసేయమని తర్వాత ఆఫీసు వాళ్ళు చెప్పారు. తీసేసేదాన్ని. అన్నం తిని వచ్చేసరికి మళ్ళీ వంద చూపించేది. నా మతిమరుపేననుకుని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మొన్న ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ మూత పడలేదు. టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంది, అడుగున చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి. "మూత పడట్లేదు నాన్నా" అని చెప్పి, గుంటూరులో రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేద్దామని వాకిట్లోకి వచ్చాను. ఇంట్లో నెట్ వస్తుంది గానీ ఫోనుకు సిగ్నల్ అందదు.

"బ్యాటరీ ఉబ్బిందండి. ముందు ప్లగ్గు పీకెయ్యండి. నొక్కమాకండి, మూత బలవంతంగా వెయ్యమాకండి. దగ్గర్లో గుడ్డా కాగితం లేకుండా చూసుకోండి, అంటుకుంటే ఆగదు" అన్నాడాయన, సంగతి విని.

"పత్తి మీద ఉందండీ" అన్నాను.

"ఎంత పత్తండీ?" అన్నాడు.

కుప్పకు అవతల అమ్మ కునుకు తీస్తోంది. గుమ్మంలోకి పరిగెత్తి చూద్దును కదా, నాన్న ఐదు కిలోల ఇనుప తూకం రాయి పట్టుకుని లాప్‌టాప్ మీదికి వంగుతున్నాడు. సంచుల్లోకి దిగి, పొంగే పత్తిని కాళ్ళతో తొక్కి అణచడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. ఏది ఉబ్బినా తొక్కితే అణుగుతుందని ఆయన నమ్మకం.

"కాసేపు బరువుంటే అదే సర్దుకుంటదమ్మా."

"నాన్నా, పెట్టొద్దు! అవతల పారెయ్!"

గొంతు పగిలేలా అరిచాను. ఆయన బిత్తరపోయి రాయిని గోడ వైపు విసిరాడు. అమ్మ ఉలిక్కిపడి లేచింది. ప్లగ్గు పీకి, లాప్‌టాప్‌ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాను. "నాకియ్యమ్మా" అంటూ నాన్న వెంటపడ్డాడు. "దగ్గరికి రావద్దు" అని కసిరాను. ఎన్ని అడుగులు వేసినా ఆ గది దాటనట్టే ఉంది. అది నా చేతుల్లోనే అంటుకుంటే పత్తిలో పడకుండా ఎటు విసరాలో చూసుకుంటూ నడిచాను.

పెరట్లో ఉత్త నేల మీద దించి దూరంగా జరిగాం. ఏమీ కాలేదు. ఏమవుతుందోనని ముగ్గురం ఎండలో చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు నాన్న నేలచూపులు చూస్తూ అన్నాడు. "రోజూ తీగ ఊడదీసి ఉండేది. నువ్వు మర్చిపోయావేమోనని నేనే పెట్టేవాణ్ణి. కరెంటు పోతే మళ్ళా ఏడుస్తావని."

తిడదామని నోరు తెరిచాను. చివరికి "ఎండలోంచి నీడకు రా నాన్నా" అన్నాను.

కొత్త బ్యాటరీ వేయించాను. పత్తి అమ్ముడై గది కూడా ఖాళీ అయింది. అయినా నాన్న ఇప్పుడు ఏ స్విచ్చూ ముట్టుకోడు. ఉక్కపోతకు చెమటలు కారుతున్నా అలాగే కూర్చుని, "అమ్మా, కాస్త వచ్చి ఫ్యాను వేసిపో" అని నన్ను పిలుస్తాడు.